నాలుగు గంటల కూత

గురువులు మాస్టారు ఆ రోజు నెల్లిమర్లలో
పలాస పాసింజరు దిగి
మిల్లు గేటులోంచి కాకుండా
గోడ కన్నంలోంచి గ్రౌండులోకి వచ్చేరు.
గేటుకి లాకౌటు నోటీసు అంటించి ఉంది కదా, అందుకని.
అందుకే, అని నేనంటాను.
మొహం చెల్లక, అని పైడయ్య అంటాడు.
ఇరవై ఏడేళ్లుగా ఇదే తగువు మాకు.

ఆయన వెనకాల పదకొండుమంది, నీలం చొక్కాలు,
కాళ్లకి రైల్వే ఇచ్చిన కొత్త బూట్లు.
మా వాళ్లలో నలుగురికి బూట్లున్నాయి,
మిగతావాళ్లకి మడమలున్నాయి.

రెండేళ్ల కిందటి దాకా ఆయన మావాడే.
నాలుగు గంటల కూత కూసిందంటే చాలు
ఒంటినిండా జనపనార నూనె కంపుతో
లుంగీ ఎగ్గట్టి గోలు ముందు ప్రత్యక్షం.
నా ఎడమ వైపుకే విసిరేవారు,
పొద్దుగూకి బంతి కనపడనంతవరకూ.
"అటేపు నీకు సెయ్యి లేదనుకుంతన్నావేటి?
దేవుడు రెండిచ్చేడు, వోడుకోరా."

జీతాలాగిన నాలుగో నెల
రైల్వే వాళ్లు కోచి పనీ, క్వార్టరూ ఇస్తామన్నారట.
వెళ్లిపోయేరు.
చెప్పకుండా పోయేడని కొందరు.
చెబుదామని వచ్చి, మా వీధి మొగలో కాసేపు నిలబడి
తిరిగి వెళ్లిపోయేరని మా అమ్మ.

మైదానం చుట్టూ ఊరంతా.
పని లేని ఊరికి ఆట కాక ఏముంది?
గోలుకి కట్టిన వల మా అమ్మా వాళ్లూ అల్లిందే,
మిల్లు ఆఖరి సుత్లీ ఉండలతో.
మాస్టార్ని చూడగానే ఎవడో ఈల వేసేడు.
ఎవడో "క్వార్టరు మాస్టారూ!" అని కేకేసేడు.
నవ్వు మైదానం చుట్టూ తిరిగి
ఆయన దగ్గరకి వచ్చేసరికి ఆగిపోయింది.
కాంటీను అప్పన్న పాత అలవాటున
ఆయన ఇనప కుర్చీ తెచ్చి మా వైపు వేసి,
నాలిక కరుచుకుని,
దాన్నెత్తుకుని అటువైపు నడిచేడు.
అంత పొడుగు మైదానం, ఎండలో,
నెత్తిమీద కుర్చీతో, ఒక్కడూ.

సెకండాఫులో నాలుగయింది.
మాలో ఎవరి చేతికీ గడియారం లేదు, కానీ నాలుగయింది.
బంతి దొర్లుతూనే ఉంది,
మా వాళ్లందరూ ఆగి పొగగొట్టం వైపు తలెత్తేరు.
అటు మాస్టారూ తలెత్తేరు.
కూత రాలేదు.
నీలం చొక్కాల వాళ్లకేం తెలుసు,
ఆగిపోయిన మా మధ్యలోంచి బంతి తీసుకొచ్చేసేరు.
లచ్చన్న ఉలిక్కిపడి అడ్డం పడ్డాడు. పెనాల్టీ.

కొట్టేవాడు మాస్టారి వైపు చూసేడు.
మాస్టారు కళ్లద్దాలు తుడుచుకుంటున్నారు.
ఎవరి కూడు తింటే వాళ్లకి
అబద్ధం చెప్పే మనిషి కాదాయన.
నా ఎడమ చెయ్యి సంగతి చెప్పే ఉంటారు.
చెప్పకపోతే ఆయన గురువులు మాస్టారే కాదు.
ఆ నమ్మకం మీద, వాడు కాలెత్తకముందే
ఎడమకి పడిపోయేను.

బంతి వచ్చి కడుపులో పడింది,
అప్పుడే పొయ్యి మీంచి దించిన తపేలాలా.

ఒక గోలుతో గెలిచేం.
అది ఎవరు కొట్టేరో నాకిప్పుడు గుర్తు లేదు.
తనే అంటాడు పైడయ్య.

నన్ను భుజాలకెత్తినప్పుడు, అంత ఎత్తునుంచి, కనిపించేరు:
స్టోరు గది దగ్గర ఒంటరిగా,
జేబులోంచి ఏదో తీసి మేకుకి తగిలిస్తూ.
దిగి పరిగెత్తేను.
సుత్లీ తాడు కట్టిన పంపు నాజిలు.
పొరపాటున ఆయనతో వెళ్లిపోయిందట.
రెండేళ్లూ మేం సైకిలు షాపులో
రూపాయిచ్చి గాలి కొట్టించుకున్నాం.

ఆయన నా మొహం చూళ్లేదు. భుజం చూసేరు.
"పడీ ముందు ఎడం బుజం దించేత్తన్నావు.
ఇంకోడైతే పట్టీసును."
అంతే. పాసింజరు అయిదూ నలభైకి.

ఇప్పుడు నాలుగింటికి, టీ కొట్టు దగ్గర,
పైడయ్యా నేనూ మాట మధ్యలో ఆగుతాం.
ఏటి సూత్తన్నారని కుర్రాళ్లడుగుతారు.
ఏటీ లేదంటాం.
టీ చల్లారుతుంది.
మళ్లీ ఆ గేటు దగ్గర్నుంచి మొదలెడతాం.